చెక్క పజిళ్లు, ఆలోచింపజేసే ఆటలు: పిల్లలకి ఎంచేటప్పుడు ఏం చూడాలి?

#1 ఆటలగది

రెండేళ్ల నుంచి పదేళ్ల దాకా పిల్లలు కలిసి ఆడుకునే గదికి చెక్క పజిళ్లు తీసుకోవాలి. పది పన్నెండు సెట్లు చాలు. పెట్టె మీద వేసిన వయసుని నమ్మొచ్చా? బీచ్ చెట్టు కర్ర, రబ్బరు చెట్టు కర్ర, పైన్, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక) అని రకరకాలుగా రాస్తున్నారు, వీటిలో ఏది నిలుస్తుంది? ఎన్ని ముక్కలుంటే ఎంత కష్టం అనేదానికి లెక్క ఏమైనా ఉందా? ఒక్కో సెట్ పదిమంది చేతుల్లో నలిగేది కాబట్టి అందంకన్నా మన్నిక ముఖ్యం.

#2 మూడుముక్కలు

ముందు వయసు సంగతి. పెట్టె మీద "3 ఏళ్లలోపు పిల్లలకు కాదు" అని ఉంటే అది బుర్ర గురించిన మాట కాదండీ, గొంతు గురించినది. చిన్న ముక్కల పరీక్షకి వాడే గొట్టం లోపలి వెడల్పు 31.7 మి.మీ. అడుగు ఏటవాలుగా ఉంటుంది: లోతు ఒకవైపు 25.4, ఇంకోవైపు 57.1 మి.మీ. ముక్కని నొక్కకుండా, ఎటు తిప్పి వేసినా సరే, పూర్తిగా లోపలికి దిగిపోయిందంటే మూడేళ్లలోపు వాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఆ గొట్టం దొరక్కపోతే టిష్యూ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టం వాడండి. అది ఇంకాస్త వెడల్పు, పరీక్ష కఠినమవుతుందే తప్ప నష్టం లేదు. మీ గదిలో చిన్నా పెద్దా కలిసే ఉంటారు కాబట్టి పెద్దవాళ్ల సెట్లని కూడా ఇలాగే చూసి, నెగ్గనివి పై అరలో పెట్టాలి.

బొడిపెలున్న పజిల్ అయితే బొడిపె పట్టుకుని లాగండి, మెలి తిప్పండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 71లో లాగుడు పరీక్ష 90 న్యూటన్లు, అంటే ఇంచుమించు తొమ్మిది కిలోలు వేలాడదీసినంత. ఉత్త జిగురుతో పైన అంటించిన బొడిపె ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. ముక్కలోకి కన్నం చేసి కాడ దింపి అంటించింది నిలుస్తుంది.

ఇక బుర్ర సంగతి. మొదటి పజిల్‌కి ముక్కల సంఖ్య చూడకండి. ఒక్కో ముక్క తన గుంటలో ఎన్ని విధాలుగా కూర్చుంటుందో చూడండి. గుండ్రటిది ఎటు తిప్పినా దిగుతుంది. చతురస్రం నాలుగు విధాలుగా, మూడు భుజాలూ సమానమైన త్రిభుజం మూడు విధాలుగా దిగుతుంది. ఏనుగు బొమ్మకి ఒక్కటే దారి. కాబట్టి నాలుగు గుండ్రాల పజిల్, నాలుగు జంతువుల పజిల్ ఒకే మెట్టు కావు. బిడ్డ త్రిభుజాన్ని గుంట మీద పెట్టి అరచేత్తో బాదుతున్నాడంటే గుంట దొరికింది, తిప్పుడు దొరకలేదు అని అర్థం. అప్పుడు ముక్కని మీరు తీసి పెట్టేయకండి. ట్రేని కొద్దిగా తిప్పండి. ముక్క "టక్" మని దిగుతుంది, పని వాడి చేతిదే అవుతుంది.

#3 వడ్రంగిపిట్ట

చెక్క గురించి. చెక్క నార వెంబడి పొడవు మారడం దాదాపు ఉండదు. నారకి అడ్డంగానే ఉబ్బుతుంది, కుదించుకుపోతుంది. 200 మి.మీ. వెడల్పున్న బీచ్ పలకలో తేమ నాలుగు శాతం మారితే వెడల్పు మూడు మిల్లీమీటర్ల దాకా మారగలదు. ఏసీ గదిలో వదులుగా ఉన్న పజిల్ వానాకాలం బిగుసుకుపోవడానికి ఇదే కారణం, తయారీలో మోసం కాదు. అందుకే ట్రే ప్లైవుడ్‌ది ఉండాలి: పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి కదలిక చాలా తక్కువ. ముక్కలు చిన్నవి కాబట్టి గట్టి చెక్కవైనా ఇబ్బంది లేదు.

రబ్బరు చెట్టు కర్ర, బీచ్, మేపుల్: దెబ్బలకి ఆగుతాయి, అంచులు పెళుసుగా లేవవు. పైన్ మెత్తన, గోరుతో నొక్కితే గీత పడుతుంది, మూలలు త్వరగా చితుకుతాయి. ముడులున్న చోట జిగట కూడా కారొచ్చు. ఎండీఎఫ్ కొత్తలో నున్నగా బాగుంటుంది, ధార అంచు ఒక్కసారి తడిసిందా, ఉబ్బి మళ్లీ దిగదు. పైన అతికించిన బొమ్మ కాగితం లేచేది కూడా అక్కడి నుంచే. ముక్కలు నోట్లో పెట్టుకునే వయసువాళ్లకి ఎండీఎఫ్ వద్దే వద్దు.

మందం సంగతి చాలామంది వదిలేస్తారు. ట్రే గుంట లోతు 4 మి.మీ. ఉంటే ముక్క 7, 8 మి.మీ. ఉండాలి. ట్రేతో సమానంగా ఉండే 3 మి.మీ. ముక్కని చిన్నపిల్లల వేళ్లు పైకి తీయలేవు. ట్రేని తలకిందులు చేసి విదిలిస్తారు, ముక్కలు పోయేది అలాగే.

#4 గళ్లనుడి

వడ్రంగిపిట్ట గారూ, ముక్కకీ గుంటకీ మధ్య ఎంత సందు ఉండాలి? ఒక్కోటి ఒక్కోలా కనిపిస్తోంది.

#5 వడ్రంగిపిట్ట

రెండేళ్లవాళ్ల గుంట పజిల్‌కి చుట్టూ మిల్లీమీటరు. ఐదేళ్లు దాటాక అర మిల్లీమీటరు చాలు. ముక్కలు ఒకదానిలో ఒకటి కొక్కేల్లా దిగే జిగ్‌సాకి 0.2, 0.3 మించితే బొమ్మ చెదిరిపోతుంది, పైగా తప్పు ముక్క కూడా కూర్చుంటుంది. తప్పు ముక్క కూర్చునే జిగ్‌సా కంటే చెత్త పజిల్ ఇంకోటి లేదు.

ఇంకో తిరకాసు: కోసినప్పుడు సరిగ్గా ఉన్న సందుని రంగు తినేస్తుంది. రెండు పూతలు ముక్క అంచుకీ, రెండు గుంట అంచుకీ వేస్తే బిగుతే. అంచులకి రంగు లేకుండా పైముఖానికే వేసినవి మేలు. లేజర్‌తో కోసిన వాటి అంచు నల్లగా ఉంటుంది. తెల్లగుడ్డతో తుడవండి, మసి అంటితే తయారీదారు శుభ్రం చేయలేదన్నమాట.

#6 ఆటలగది

రంగులు, పాలిష్ విషయంలో ఏం అడగాలి? "విషరహితం" అని అందరూ రాసేస్తున్నారు.

#7 నిదానం

ఆ ఒక్క మాటకి విలువ లేదు. ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో అడగండి. భార లోహాలు రంగులోంచి ఎంత ఊడివస్తాయో చూసేవి ఈఎన్ 71 మూడో భాగం, ఐఎస్‌ఓ 8124 మూడో భాగం. ఆ అంకె చెప్పలేనివాడి దగ్గర రంగులేని చెక్కే కొనండి. కొన్నాక మీరు చేయగలిగిన పరీక్ష: తడిపి పిండిన తెల్లగుడ్డతో ఒక ముక్కని నిమిషం పాటు రుద్దడం. రంగు అంటితే చిన్నవాళ్ల అరలోకి అది రాకూడదు.

రంగులేని వాటికి మీరే పూత వేస్తానంటే తేనెమైనం, పచ్చి అవిసె నూనె సరిపోతాయి. "ఉడికించిన" అని అమ్మే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, అది వద్దు. పచ్చి నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, తొందరపడి పెట్టెలో పెడితే ముక్కలు అతుక్కుంటాయి. ఈ మాట మాత్రం మర్చిపోకండి: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి.

అయస్కాంతాలున్న చెక్క ఆటలు ఈ గదికి తేకండి. ఒకటి కంటే ఎక్కువ మింగితే పేగు గోడలకి అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆపరేషన్ దాకా పోయే వ్యవహారం.

#8 లెక్కలపిచ్చి

ముక్కల లెక్కకి వద్దాం. 24 ముక్కల జిగ్‌సా 4×6 గళ్లు. అందులో మూలలు 4, అంచు ముక్కలు 12, లోపలివి 8. 48 ముక్కలది 6×8: మూలలు 4, అంచులు 20, లోపలివి 24. ముక్కలు రెట్టింపయ్యాయి గానీ ఏ ఆధారమూ లేని లోపలి ముక్కలు మూడు రెట్లయ్యాయి. 24 నుంచి 48కి దూకిన పిల్లలు సగంలో లేచిపోతే కారణం ఓపిక లేక కాదు, ఈ లెక్క. మధ్యలో 35 ముక్కలది, అంటే 5×7, ఒకటి పెట్టండి. దాని లోపలివి 15.

రెండోది బొమ్మ. మొత్తం నీలాకాశం ఉన్న 24 ముక్కలు, ప్రతి గడిలో వేరే వస్తువున్న 48 కంటే కష్టం. ఒక ముక్కని విడిగా చేతిలోకి తీసుకుని "ఇది దేనిలో భాగం?" అని అడిగితే జవాబు రావాలి. సగం ముక్కలకి జవాబు రాకపోతే ఆ బొమ్మ ఐదేళ్లలోపు వాళ్లకి కాదు.

అసలు జిగ్‌సా పుట్టింది ఆటగా కాదు. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన పటాన్ని చెక్క మీద అతికించి దేశాల సరిహద్దుల వెంట కోశాడు. భూగోళ పాఠమన్నమాట. ఇప్పటి పటాల పజిళ్లలో సరిహద్దులు వదిలేసి గళ్లుగా కోస్తున్నారు. అలా కోస్తే ముక్కకీ దేశానికీ సంబంధం పోయింది, పాఠం కూడా పోయినట్టే.

#9 పొడుపుకథ

అట్ట మీద పూర్తి బొమ్మ చూపించాలా, దాచాలా అనే గొడవ ఉంటుంది. నా లెక్కలో మొదటిసారి చూపించాలి. రెండోసారి దాచాలి. మూడోసారి ముక్కల్ని బోర్లించి ఆకారాలతోనే కట్టమనాలి. ఒకే సెట్ మూడు మెట్లవుతుంది.

#10 లెక్కలపిచ్చి

బోర్లించి కట్టడం పదేళ్లవాళ్లకే సరదా. చిన్నవాళ్లకి అది శిక్ష.

ఐదారేళ్లకి జిగ్‌సాల కంటే టాన్‌గ్రామ్ మంచి పెట్టుబడి. ఏడే ముక్కలతో బొమ్మలు కట్టే ఆట: పెద్ద త్రిభుజాలు రెండు, మధ్యది ఒకటి, చిన్నవి రెండు, ఒక చతురస్రం, ఒక సమాంతర చతుర్భుజం. చిన్న త్రిభుజాన్ని ఒకటి అనుకుంటే చతురస్రం, మధ్య త్రిభుజం, సమాంతర చతుర్భుజం మూడూ రెండేసి, పెద్దవి నాలుగేసి. మొత్తం పదహారు. భిన్నాల పాఠం ఇందులోనే ఉంది.

కొనేముందు పెట్టె తెరిచి ఇది చేయండి. రెండు చిన్న త్రిభుజాల్ని చతురస్రం మీద పరచండి. ఎక్కడా పొడుచుకు రాకూడదు, చతురస్రం కనపడకూడదు. అవే రెండూ తీసి సమాంతర చతుర్భుజం మీద, తర్వాత మధ్య త్రిభుజం మీద పెట్టండి. చివరగా చిన్న త్రిభుజం పొడవాటి అంచుని మధ్య త్రిభుజం పొట్టి అంచుకి ఆనించండి, రెండూ సమానం ఉండాలి. మిల్లీమీటరు తేడా వచ్చినా వదిలేయండి. బొమ్మలో ఆ తేడా పేరుకుపోయి, కట్టింది సరైనదో కాదో పిల్లలకి తెలియకుండా పోతుంది.

సమాంతర చతుర్భుజం ఒక్కటే బోర్లించాల్సి వచ్చే ముక్క. మిగతా ఆరూ తిప్పితే చాలు. కాబట్టి ఒకవైపే రంగున్న సెట్ కొనొద్దు. దాన్ని బోర్లించొచ్చని పిల్లలకి తట్టదు, సగం బొమ్మలు రావు. పుస్తకంలో బొమ్మలు అయిపోయినవాళ్లకి ఒక పని: ఏడు ముక్కలతో లోపలికి వంపు లేని ఆకారాలు, అంటే త్రిభుజం, దీర్ఘచతురస్రం లాంటివి, ఎన్ని వస్తాయో వెతకమనండి. సరిగ్గా 13. అంతకు మించి రావని 1942లో నిరూపించారు.

#11 గళ్లనుడి

ఇదే కోవలో ఒక సందేహం. నాలుగేసి గళ్ల ముక్కలు ఐదు, 4×5 ట్రేతో ఒక సెట్ ఉంది. గళ్ల లెక్క 20కి 20 సరిపోతుంది. ఎవరు కూర్చినా ఒక ముక్క మిగులుతోంది. ముక్కల కోతలో లోపమా?

#12 లెక్కలపిచ్చి

కోతలో కాదు, సెట్ తయారుచేసినవాళ్ల ఆలోచనలో. ఆ ట్రే ఎప్పటికీ నిండదు. ట్రేకి చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లు వేసి చూడండి: పది నలుపు, పది తెలుపు. కడ్డీ, చదరం, ఎల్, మెలిక ముక్క, ఈ నాలుగూ ఎక్కడ పెట్టినా రెండు నల్లవీ రెండు తెల్లవీ కప్పుతాయి. టీ ఆకారం మాత్రం ఒక రంగువి మూడు, ఇంకో రంగుది ఒకటి కప్పుతుంది. మొత్తం 11, 9 అవుతుంది. పదీ పదీ కాదు. టీ ముక్క ఇంకోటి చేర్చి 4×6 ట్రే పెడితే ఈ అడ్డంకి ఉండదు. సెట్‌ని పారేయకండి, తొమ్మిది పదేళ్లవాళ్లకి "ఎందుకు నిండదో చెప్పు" అన్నదే పజిల్‌గా ఇవ్వండి.

ఐదేసి గళ్ల పెంటామినోలకి ఈ బాధ లేదు. 12 ముక్కలు, 60 గళ్లు. 6×10లో 2,339 విధాలుగా నింపొచ్చు, 5×12లో 1,010, 4×15లో 368, 3×20లో రెండే రెండు. ఒకటే సెట్‌కి నాలుగు ట్రేలంటే నాలుగు మెట్లు. పిల్లలకి మొదట 12 ముక్కలూ ఇవ్వకండి. మూడు ముక్కలతో 3×5 నింపడం, నాలుగింటితో 4×5, తర్వాత 5×5. పెద్ద ట్రేకి వచ్చాక కూడిక గుర్తు ముక్కని ముందు పెట్టాలి, దాని పక్క గళ్లు ఇరుకవుతాయి. పీ ఆకారాన్ని చివరికి దాచుకోవాలి, అది ఎక్కడైనా సర్దుకుంటుంది.

#13 వడ్రంగిపిట్ట

పెంటామినోలు ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడ: 20 మి.మీ. ఘనాలు అనుకుంటారు, కోత 20.2 వస్తుంది. ఒక్క ఘనంలో అది కనపడదు. పది వరసపెడితే 202. లోపల 201 ఉన్న ట్రేలో సరైన జవాబు కూడా పట్టదు. ముందు 20×20 కడ్డీని నున్నగా గరుకు కాగితం పట్టి కొలిచి, తర్వాత ఆపుడు చెక్క పెట్టి అన్నీ ఒకే కొలతకి కోయాలి. కోశాక విడివిడిగా రుద్దితే ఒక్కోటి ఒక్కోలా అరుగుతుంది. కాలిపర్‌తో 19.9 నుంచి 20.1 మధ్య ఉన్నవే వాడండి, ట్రే లోపల 122×202 ఉంచండి.

జిగురు: అడ్డంగా కోసిన ముఖం జిగురుని పీల్చేస్తుంది, రెండు అలాంటి ముఖాలు కలిపితే కిందపడగానే విడిపోతుంది. నార పక్క ముఖాలు కలిసేలా తిప్పి అంటించండి. లేదా అన్నీ ఘనాలుగా కోయకుండా, కడ్డీ ముక్కకి 100 మి.మీ. ముక్కే కోయండి, ఎల్ ఆకారానికి 80 కి ఒక ఘనం చేర్చండి. అతుకులు ఎంత తక్కువైతే అంత గట్టి.

ఏడు ముక్కలతో 3×3×3 ఘనం కట్టే సోమా క్యూబ్ ఇంకా తేలిక: 27 చిన్న ఘనాలు, ఆరు ముక్కలకి నాలుగేసి, ఒకదానికి మూడు. మెలి తిరిగిన ముక్కలు రెండుంటాయి, కుడిచేయి ఎడమచేయి లాగా. రెండూ ఒకే చేతివి అంటించేయడం మామూలు పొరపాటు. జిగురు వేయకముందు రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, ఒకటి అద్దంలో రెండోదిలా ఉందో లేదో చూడండి.

#14 లెక్కలపిచ్చి

సోమాలో చిక్కుకున్న పిల్లలకి ఒక్క సూచన చాలు: టీ ముక్క పొడుగు భాగం ఘనం అంచు వెంట ఉండాలి. ఘనానికి ఎనిమిది మూలలు. ఎల్, టీ ముక్కలు గరిష్ఠంగా రెండేసి మూలలు, మిగతా ఐదూ ఒక్కోటి నింపగలవు, అన్నీ కలిపి తొమ్మిది. అంటే ఒకటే మిగులు. టీ అయితే రెండు మూలలు నింపుతుంది, లేదంటే ఒక్కటి కూడా నింపదు. అది తప్పుకుంటే ఏడే మిగులుతాయి. 240 జవాబుల్లో ఒక్కదానికీ మినహాయింపు లేదు.

#15 నిదానం

ఒక్కరే ఆడే కదిపే ఆటల గురించి కూడా రెండు మాటలు. హనోయి గోపురం (చక్రాల్ని ఒక్కొక్కటిగా, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, మూడు మేకుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చే ఆట) ఐదేళ్ల నుంచి ఇవ్వొచ్చు, కానీ మూడు చక్రాలతోనే. మూడింటికి కనీసం 7 ఎత్తులు, నాలుగింటికి 15, ఐదింటికి 31. ఎనిమిది చక్రాల సెట్ కొంటే 255 ఎత్తులు, కాబట్టి మిగతా ఐదు దాచేయండి. ఒకదాని మీంచి ఒకటి దూకించి తీసేస్తూ చివరికి ఒక్కటి మిగల్చాల్సిన 33 గుంటల గోళీల సాలిటైర్‌కి గోళీల బదులు చెక్క మేకులున్నది తీసుకోండి: బల్ల కదిలినా ఆట చెడదు. 37 గుంటల బల్ల కూడా ఉంటుంది, దాని మీద నడి గుంట ఖాళీతో మొదలుపెట్టి చివరి మేకుని నడిమికి తేవడం కుదరదు. తెలియక పిల్లల్ని విసిగించొద్దు.

అంకెల పలకల్ని జరిపి వరసపెట్టే పదిహేను పలకల పజిల్‌లో పలకలు ఊడదీసి ఇష్టమొచ్చినట్టు పెడితే సగానికి సగం అమరికలు జవాబులేనివే. చివర 14, 15 మాత్రమే తారుమారై ఆగితే ఎవరో ఊడదీశారని అర్థం. ఏవైనా రెండు పలకలు తీసి మార్చి పెట్టండి, సరిపోతుంది.

ఆరు కడ్డీలు ఒకదానిలో ఒకటి గుచ్చుకునే చెక్క ముడి పదేళ్లకి. విప్పుతున్నప్పుడు వచ్చిన వరసలోనే కడ్డీల్ని బల్ల మీద పెట్టుకుని వెనక పెన్సిల్‌తో అంకెలు వేయాలి. బిగుసుకుంటే సుత్తి వద్దు. పొడి గదిలో రెండు రోజులు ఉంచితే వదులవుతుంది.

#16 ఆటలగది

చాలా ఉపయోగపడింది. అయితే పన్నెండులో ఇవి ఉంటే చాలా: గుంట పజిళ్లు మూడు, మాంటిస్సోరి స్థూపాల దిమ్మ ఒకటి, జిగ్‌సాలు 12, 24, 35, 48 ముక్కలవి, టాన్‌గ్రామ్, పెంటామినో, సోమా, హనోయి?

#17 మూడుముక్కలు

స్థూపాల దిమ్మలో పది స్థూపాలుంటాయి, తప్పు పెడితే చివరికి ఒకటి ఎక్కడా పట్టకుండా చేతిలో మిగులుతుంది. పెద్దవాళ్లు "తప్పు" అనక్కర్లేదు. పట్టీలో అన్నింటికంటే అదే విలువైనది. దిమ్మలు నాలుగు రకాలు. ఒక్కటే తీసుకుంటే పొడవూ లావూ రెండూ కలిసి తగ్గేది తీసుకోండి, తేడా కంటికి త్వరగా ఆనుతుంది.

12 ముక్కల జిగ్‌సా తీసేసి టాన్‌గ్రామ్‌లు రెండు పెట్టండి, వేర్వేరు రంగుల్లో. ఇద్దరు పక్కపక్కన ఒకే బొమ్మ కడతారు, ముక్కలు కలిసినా వేరుచేయడం తేలిక.

#18 పొడుపుకథ

ముక్కలు కలిసిపోకుండా ప్రతి ముక్క వెనక సెట్‌కో రంగు చుక్క పెట్టండి, మూత మీద ముక్కల సంఖ్య రాయండి. తిరిగి పెట్టేటప్పుడు లెక్కపెట్టడం కూడా ఆటలో భాగమే. జిగ్‌సా ముక్క పోతే ఆ ఖాళీ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అంచు అచ్చు పడుతుంది. దాన్ని అదే మందం ప్లైవుడ్ మీద అతికించి సన్న రంపంతో గీతకి బయటి వైపు కోసి, కొద్దికొద్దిగా రుద్ది దించుకోవాలి. గీత మీదే కోస్తే వదులవుతుంది.

కడగడం అంటే నీళ్లలో వేయడం కాదు. సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నిలబెట్టి నీడలో ఆరబెట్టండి. ఎండలో పడుకోబెడితే పైముఖం ముందు ఆరి పలక దోనెలా వంగుతుంది.

#19 వడ్రంగిపిట్ట

ఇంకోటి. గుంట పజిల్ ట్రేలో ప్రతి గుంట అడుగునా 20 మి.మీ. కన్నం ఉన్నది దొరికితే అదే తీసుకోండి. వానాకాలం ముక్క బిగుసుకున్నప్పుడు కింద నుంచి వేలితో తోస్తే వస్తుంది, చెంచాతో పెళ్లగించి అంచులు పాడుచేయక్కర్లేదు. లేకపోతే డ్రిల్‌తో మీరే వేసుకోవచ్చు, కిందివైపు పాత చెక్క ఆనించి వేస్తే పెళ్లలు లేవవు.